కొండెక్కిందన్న మనిషి

ఊళ్లో ఎవరు పోయినా నాకు ముందు ఫోన్లో కనపడతారు. తిరుపతిలో ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణం నాది. ఇంటివాళ్ల ఏడుపులు తగ్గకముందే ఎవరో ఒక బావమరిదో, వార్డు నాయకుడో వాట్సాప్‌లో ఫోటో పంపిస్తాడు. "అక్కా, అర్జెంటు. పైన పూలు, కింద మేము" అని దానికొక ముక్క తగిలిస్తాడు. కింద మేము అంటే, చేతులు జోడించిన బతికున్నవాళ్ల ఫోటోలు వరసగా రావాలని. పోయినవాడి మొహం చిన్నదైనా ఎవరూ అడగరు. బతికున్నవాడి మీసం ఓ పక్క తెగిందంటే మాత్రం మళ్లీ అచ్చు వెయ్యాల్సిందే. ఏళ్ల తరబడి ఇదే పని చేసి చేసి, ఈ మధ్య నాకు కోపం రావడం కూడా మానేసింది.

మొన్న వచ్చింది. మామూలుగా కాదు, కుర్చీలో కూర్చోనివ్వనంత వచ్చింది.

ఆ పొద్దున ఫోటో పంపింది నా దుకాణం పక్కనే ఉన్న కాంప్లెక్సు ఓనరు తాలూకు మనిషి. ఫోటోలో ఖాకీ చొక్కా, కనుబొమలు సగమే ఉన్న మొహం. చూడగానే గుర్తుపట్టాను. మా ఊళ్లో చాలా ఏళ్లు ఫైరింజను మీద పనిచేసి రిటైరైన లీడింగ్ ఫైర్‌మన్. రాత్రి పోయాడట. ఫోటోతో పాటు రాయాల్సిన మాట కూడా పంపాడు. "అగ్నితో పోరాడిన దీపం ఆరిపోయింది." దాని కింద ఓనరు ఫోటో. పోయినాయన ఫోటోకి రెండింతలు ఉండాలని విడిగా చెప్పాడు.

ఆ మనిషికి ఈ ఓనరు నివాళి. అందులోనూ ఆరిపోయింది అనే మాటతో. ఈ రెండూ కలిపి చూస్తే నాకెందుకు ఒళ్లు మండిందో తెలియాలంటే ఆయనెవరో చెప్పాలి. పేరు మాత్రం రాయను. రాయనా అని ఆయన భార్యను అడిగితే, "పేరెందుకు అమ్మణ్ణీ, ఒగసారి పేరు పెట్టి రాసినారు కదా, సాలదా" అనింది. ఆమె అన్నది ఆయనకు ఇచ్చిన మెమో సంగతి. దాని దగ్గరికి వస్తాను.

దుకాణం పెట్టిన కొత్తలో ఆయన్ని మొదటిసారి చూశాను. ఆయుధపూజకు స్టేషను ముందు కట్టడానికి ఫ్లెక్సీ కావాలని వచ్చాడు. వచ్చినవాడు కౌంటర్ దగ్గర ఆగలేదు. నన్ను దాటుకుని, మిషన్ దాటుకుని, గది చివరిదాకా పోయి నిలబడి అడిగాడు.

"ఇంకో వాకిలి యాడుండాది?"

బాత్రూమ్ కోసం అడుగుతున్నాడనుకున్నాను. మా వీధిలో తిరిగే యాత్రికులు ఎంతమందో అడిగేది అదే. "ఈడ లేదన్నా, పక్క హోటల్లో ఉండాది పోండి" అన్నాను.

"నాకు కాదమ్మణ్ణీ, నీకు. ముందర అంటుకునిందనుకో, నువ్వు యాడనించి పోతావు?"

వెనక వాకిలి ఉంది. కానీ దానికి అడ్డంగా ఫ్లెక్సీ చుట్టలు నిలబెట్టి ఉన్నాయి. ఆయన ఇంకో మాట లేకుండా చుట్టలు ఒక్కొక్కటే భుజాన వేసుకుని తెచ్చి నడివీధిలో పడేశాడు. కొత్త సరుకు, నేను అరిచాను. ఆయన నాకంటే గట్టిగా అరిచాడు. పనులు మానుకుని వీధి మొత్తం చేరింది. చుట్టలన్నీ అయ్యాక వెనక గడియ తీసి, అవతల సందులోకి పోయి, చుట్టూ తిరిగి మళ్లీ ముందు వాకిట్లోంచి వచ్చి, అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇప్పుడు సెప్పు, ఆయుధపూజకి ఏం బొమ్మలుండాయి నీ దగ్గిర" అన్నాడు.

ఆ తర్వాత ఒక్కసారి తప్ప ఆయన నా దుకాణంలోకి ముందు వైపు నుంచి వచ్చింది లేదు. ఎప్పుడు ఈ దారిన పోయినా సందులోకి తిరిగి వెనక తలుపు తట్టేవాడు. నేను వెంటనే తీస్తే టీ తాగి పోయేవాడు. చుట్టలు జరిపి తీయడానికి ఆలస్యమైతే ఆ రోజు తిట్లు. మొదట్లో విసుక్కునేదాన్ని. పోనుపోను ఆ తలుపు ముందు చీపురు కూడా పెట్టడం మానేశాను. భక్తితో కాదు, ఆ మనిషి నోటికి జడిసి.

ఇంకో వాకిలి యాడుండాది అన్నది ఆయన ఎక్కడికి పోయినా అడిగే మాట. కళ్యాణమండపంలో అక్షింతలు వెయ్యకముందు అడుగుతాడు. ఎవరి పెళ్లిచూపులకు పోయినా అదే. కూతురికి సంబంధం మాట్లాడటానికి చిత్తూరు పోయి, అబ్బాయి ఏం చదివాడని కూడా అడక్కుండా నేరుగా వంటింట్లోకి నడిచి అదే మాట అడిగాడట. వాళ్లు బిత్తరపోయారు. వంటింటికి పెరట్లోకి దారి ఉందని చూసుకున్నాక "సంబంధం మంచిదే" అన్నాడట. ఆ పెళ్లికి ఆయన భార్య కాటుక పెన్సిలు తీసుకుని మొగుడి కనుబొమలు దిద్దడం నేను కళ్లారా చూశాను. వంటగ్యాసు ఒకటి పేలినప్పుడు కాలిపోయి మళ్లీ సరిగ్గా మొలవని కనుబొమలవి. ఆయన కదలకుండా కూర్చుని దిద్దించుకున్నాడు. ఫోటోలో మాత్రం ఒకటి పైకి, ఒకటి కిందికి వచ్చింది.

టీ చల్లారిపోయేదాకా తాగేవాడు కాదు. సాసర్లో పోసి పక్కన పెట్టి, మీగడ కట్టినాక ఒక్క గుక్కలో తాగేవాడు. "దినామూ అగ్గితోనే కదా పని, నోట్లోకి కూడా ఎందుకు" అనేవాడు. మెత్తని మనిషి అనుకోకండి. మాట కటువు, చెయ్యి ఇంకా కటువు. ఒకసారి రోడ్డు మీద ఆటో తగలబడుతుంటే, డ్రైవర్ని బయటికి లాగకుండా వీడియో తీస్తున్న ఒకణ్ణి ఆ సెల్లుతో సహా చెంప మీద కొట్టాడు. దానికి స్టేషన్లో పంచాయితీ అయింది. "తప్పే, మళ్లీ కొడతా" అన్నాడట.

అంత మొరటు మనిషికి ఒక్క మాట దగ్గర మాత్రం ఎక్కడలేని పట్టింపు. ఆరిపోయింది అనేవాడు కాదు. చిన్నప్పుడు వాళ్లమ్మ ముందు "దీపం ఆరిపాయె" అని వీపు వాయించుకున్నాడట. దీపాన్ని ఆ మాట అనగూడదు, కొండెక్కింది అనాలని ఆమె నేర్పింది. మనందరి ఇళ్లల్లోనూ ఉన్నదే. అయితే మనం దేవుడి దీపం వరకే అంటాం. ఈయన మాత్రం అన్నిటికీ అదే అనేవాడు. చెత్తకుప్ప మంట కొండెక్కింది. లారీ టైర్లు కొండెక్కినాయి. బీడీ కొండెక్కింది. అదేమన్నా అంటే, "అగ్గి యాడున్నా అగ్గే అమ్మణ్ణీ. దేవుని ముందర ఉంటే దండం, కుప్పలో ఉంటే బూతా" అనేవాడు. స్టేషన్లో కుర్రవాళ్లు మొదట్లో నవ్వి, తర్వాత తామూ అదే అనడం మొదలుపెట్టారు. మంటలు ఆర్పి వచ్చిన బండి గేట్లోకి తిరుగుతుంటే లోపల ఉన్నవాళ్లు "కొండెక్కిందా అన్నా" అని అడగడం, బండి మీద నుంచి ఈయన చెయ్యెత్తడం నేను చాలాసార్లు చూశాను. ఆ చెయ్యెత్తడంలో ఎంత దర్జా ఉండేదో.

కొండ కింద ఎండుగడ్డి అంటుకోవడం మా ఊళ్లో ప్రతి ఎండాకాలం ఉండేదే. ఆ మెమో వచ్చిన ఏడు కూడా, ఎండలు మొదలైన కొత్తలో ఒక మధ్యాహ్నం అలిపిరి అవతల రోడ్డు పక్కన గడ్డి అంటుకుంటే చిన్న బండి వేసుకుని ఈయనా, ఇంకో ఇద్దరూ పోయారు. కొంత నీళ్లు కొట్టి, కొంత పచ్చి కొమ్మలతో బాది మంట ఆర్పేశారు. ఆర్పినాక ఈయన వైర్‌లెస్ సెట్టు తీసుకుని స్టేషనుకు చెప్పాడు.

"కొండెక్కింది సార్. పూర్తిగా కొండెక్కింది."

ఆ రోజు స్టేషన్లో సెట్టు దగ్గర ఉన్నది కొత్తగా బదిలీ మీద వచ్చిన ఆఫీసరు. దీపం కొండెక్కడం అంటే ఏమిటో ఆయనకు తెలియక కాదు. కానీ తిరుమల కొండ కింద నిలబడి, గడ్డి మంట గురించి, ఒక ఫైర్‌మన్ కొండెక్కింది అంటే ఎవరికైనా ఏమనిపిస్తుంది? మంట కొండ మీదికి పాకిందనుకున్నాడు. పైనంతా అడవి, మెట్ల దారిలో నడిచే జనం. స్టేషన్లో ఉన్న పెద్ద బండిని అప్పటికప్పుడు అలిపిరికి తోలించాడు.

ఇందులో ఆ ఆఫీసరు తప్పు ఉందని నేను ఇప్పటికీ అనను. తిరుపతిలో తప్ప ఇంకెక్కడా జరగని పొరపాటు అది. ఆ రోజు ఇంకేమీ జరగకుండా ఉంటే స్టేషన్లో కొన్నేళ్లు చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. ఆ ఆఫీసరు కూడా నవ్వేవాడు.

కానీ సరిగ్గా అదే సమయానికి మా వీధిలో కాంప్లెక్సు అంటుకుంది.

కింద యాత్రికులు కొనే బ్యాగులు, ప్లాస్టిక్ బొమ్మల దుకాణాలు. పైన హాల్లో దేవుడి పటాలకు అద్దాలు బిగించి అట్టపెట్టెల్లో పెట్టే ఆడవాళ్లు పనిచేసేవాళ్లు. పైకి పోవడానికి ముందు వైపు మెట్లు. వెనక వైపు సందులోకి దిగే ఇనుప మెట్లు, వాటికి ఒక తలుపు. పని మధ్యలో ఆడవాళ్లు టీకి దిగిపోతున్నారనీ, పటాలు చీర కొంగుల్లో బయటికి పోతున్నాయనీ ఓనరు ఆ తలుపుకు బయట తాళం వేయించాడు. లోపల తలుపు ముందు ఖాళీ అట్టపెట్టెలు కప్పు దాకా పేర్పించాడు.

అంతకు కొన్ని నెలల ముందు ఈయన ఆ హాల్లోకి పోయి తన మాట అడిగాడు. తర్వాత నా దుకాణంలో కూర్చుని టీ చల్లారబెట్టుకుంటూ చెప్పాడు.

"ఇంకో వాకిలి ఉండాది కదప్పా, సూడు, తాళం ఏసుకున్నాం అంతే అంటాడమ్మణ్ణీ ఆ ఓనరు. తాళం ఏసినాక అది వాకిలెట్లయితాది, గోడ కదా అన్నాను. నవ్వినాడు."

తన పై ఆఫీసర్లకు కూడా చెప్పానన్నాడు. ఆ చెప్పడం ఎంతవరకు పోయిందో దేవుడికి తెలియాలి.

కింద ఫ్యూజుల బోర్డు దగ్గర మొదలైంది. పొగ ముందు మెట్ల మీదుగా పైకి పోయింది. ఆడవాళ్లు కొందరు పొగలోంచే దగ్గుకుంటూ దిగారు. కొందరు కిటికీలోంచి పక్క రేకుల మీదికి దూకారు. కాళ్లు విరిగాయి కానీ బతికారు. మేమంతా వీధిలో నిలబడి అరుస్తున్నాం. అప్పుడు చిన్న బండి వచ్చింది. కొండ కింది నుంచి తిరిగి వస్తూ ఈయన దారిలోనే కబురు విన్నాడు. బండి ఆగీ ఆగకముందే దూకి, నా దుకాణం ముందు వాకిట్లోంచి లోపలికి పరుగెత్తాడు. ముందు నుంచి వచ్చిన ఆ ఒక్కసారి ఇదే. నా గదిలో నుంచి, నా వెనక తలుపు లోంచి సందులోకి పోయాడు. ఆ తలుపు ముందు ఏమీ లేదు. నేనూ వెనకే పోయాను.

ఇనుప మెట్లెక్కి గొడ్డలితో తాళం పగలగొట్టాడు. తలుపు లాగితే తెరుచుకుంది. లోపల అట్టపెట్టెలు సగం పక్కకు తోసేసి ఉన్నాయి. మిగిలిన వాటి మధ్య, తలుపుకు ఆనుకుని ఉన్న ఒక పిల్ల బయటికి ఒరిగింది. ఆ పిల్ల నాకు తెలుసు. ఊరు బంగారుపాళ్యం దగ్గర. మామిడికాయల కాలంలో అక్కడే పల్పు ఫ్యాక్టరీలో పనిచేసి, కాలం అయిపోయాక ఇక్కడ పటాల పనికి వచ్చేది. పాస్‌పోర్టు ఫోటోలు నా దగ్గరే తీయించుకునింది. ఒంటి మీద ఒక్క కాలిన మచ్చ లేదు. పొగకే పోయింది.

ఈయన ఆ పిల్లను భుజాన వేసుకుని దించాడు. తర్వాత ఆస్పత్రి బండి వచ్చింది, పోయింది. సాయంత్రం నా వెనక వాకిలి మెట్టు మీద కూర్చున్నాడు. టీ ఇస్తే పక్కన పెట్టాడు. చల్లారినాక కూడా తాగలేదు.

"దోవ తెలుసు అమ్మణ్ణీ ఆ పిల్లకి" అన్నాడు. "ముందర పొగ వస్తే ఎనక్కి పోవల్లని తెలుసు. పెట్టెలన్నీ తోసుకుని సరిగ్గానే వచ్చింది."

ఇక విచారణ. పై నుంచి ఒక పెద్ద అధికారి వచ్చాడు. ఓనరు తాళమే లేదన్నాడు. తలుపు బిగుసుకుపోయిందంతే అన్నాడు. పగిలిన తాళం అప్పటికే సందులోంచి మాయమైంది. నేను చూశానని చెప్పడానికి పోయాను. "మీరు డిపార్ట్‌మెంటా అమ్మా" అని అడిగారు. కాదన్నాను. "అయితే అవసరం లేదు, పొండి" అన్నారు. ఆ రోజు నేనక్కడ నాలుగు కేకలు వేసి వచ్చాను. కేకలు ఎవరూ రాసుకోరు కదా.

వాళ్లు రాసుకున్నది ఒక్క మాట. కొండెక్కింది. ఆయన్ని నిలబెట్టి, "ఈ మాటకు అర్థం ఏమిటి" అని అడిగారట. "ఆరిపోయిందని సార్, మాయమ్మ దీపాన్ని అట్లే అంటాది" అన్నాడట. గదిలో అందరూ నవ్వారట. తప్పుడు కబురు వల్ల పెద్ద బండి పక్కదారి పట్టింది, అందువల్ల ప్రాణం పోయింది అని తేల్చి, ఆయన పేరు పెట్టి మెమో ఇచ్చారు. పెద్ద బండి మా వీధిలోకి ఎప్పుడు పట్టింది కనక? ఆ రోజు అలిపిరి నుంచి తిరిగి వచ్చినప్పుడు కూడా వీధి మొగదలే ఆగిపోయింది. ఓనరు తన జనరేటరును సగం రోడ్డు మీద కట్టించుకున్నాడు. అది ఎవరికీ కనపడలేదు. తాళం మీద పెడితే ఓనరుకు కష్టం. జనరేటరు మీద పెడితే దాన్ని కట్టనిచ్చిన వాళ్లకు కష్టం. ఒక ముసలమ్మ నేర్పిన మాట మీద పెడితే ఎవరికీ ఏ కష్టమూ లేదు. చనిపోయిన పిల్ల తరఫున అడగడానికి వచ్చిన వాళ్ల నాయనకు కూడా అదే చెప్పి పంపారు. ఆ పెద్దమనిషి స్టేషను ముందుకు వచ్చి, "ఏమప్పా, నీ నోట్లో మాటకి నా బిడ్డ పాయె కదా" అని ఈయన్ని అడిగి పోయాడు. ఈయన తలుపు సంగతి ఎత్తలేదట. ఎందుకు చెప్పలేదన్నా అని నేను ఎగిరి పడితే, "తాళం ఏసుండారని సెప్తే ఆ మనిషికి నిద్ర పడతాదా" అన్నాడు.

ఆ మెమో తర్వాత సెట్టు ముట్టుకోవద్దన్నారు. నాయుడుపేట వైపు బదిలీ చేశారు. రావాల్సిన ప్రమోషన్ రాలేదు. తిరిగి తిరుపతికి వచ్చేసరికి రిటైర్‌మెంటు దగ్గరపడింది. మా వీధి మగాళ్లు ఆయన్ని మర్చిపోలేదు. సైకిలు మీద పోతుంటే టీ బంకు దగ్గర నుంచి "అన్నా, కొండెక్కిందా" అని అరిచేవాళ్లు. మునుపు స్టేషన్ గేటు దగ్గర అడిగిన మాటే అది. ఆయన చెయ్యెత్తేవాడు కాదు. ఆ నవ్విన వాళ్లల్లో ఆ రోజు వీధిలో నిలబడి తమ కళ్లతో చూసినవాళ్లు కూడా ఉన్నారు. ఆయన వెనక తలుపు తట్టడం మాత్రం మానలేదు. లోపలికి వచ్చేవాడు కాదు. నేను తలుపు తీస్తే, తెరుచుకునిందని చూసుకుని, తల ఊపి పోయేవాడు.

కాంప్లెక్సుకు కొత్త రంగులు వచ్చాయి. పైన హాల్లో మళ్లీ పటాల పని మొదలైంది. ఓనరు ఈ మధ్య నాయకుడయ్యాడు. ఊళ్లో ఎవరు పోయినా ముందు ఆయన ఫ్లెక్సీయే కడతారు.

అందుకే మొన్న ఆ ఫోటో చూసి కుర్చీలోంచి లేచి నేరుగా ఆయన ఇంటికి పోయాను. పటం ముందు దీపం పెట్టారు. ఫ్యాను గాలికి అది రెపరెపలాడి పోయింది. కూతురు ఏదో అనబోయి ఆగింది. వదిన, అంటే ఆయన భార్య, లేచి అగ్గిపెట్టె తెచ్చి మళ్లీ వెలిగించింది.

"ఈ ఇంట్లో ఆ మాట మానేసి శానా దినాలైంది అమ్మణ్ణీ" అంది నా వైపు తిరిగి. "నీ నోటితో అనద్దు, నాకు వినపడద్దు అన్నాడు. దీపం పోతే ఎవురూ ఏమీ అనం. అగ్గిపెట్టె ఎతుక్కుంటాం."

కొండెక్కింది అనొద్దు. ఆరిపోయింది అనకూడదు. ఆ ఇంట్లో దీపం పోతే చెప్పడానికి మాటే లేకుండా చేశారు. దారి పొడుగునా నాకు అదే మనసులో తిరిగింది. దుకాణానికి వచ్చి ఓనరుకే ఫోన్ చేశాను.

"సార్, ఆ దీపం మాట ఆయనకు బాగుండదు. ఆయన ఎప్పుడూ అనే మాట ఒకటుండాది, అది ఎయ్యమంటారా?"

"ఏదో ఒగటి ఎయ్యమ్మా, జనం సదవల్ల అంతే" అన్నాడు. "నా ఫోటో మాత్రం పోయినసారి మాదిరి నల్లగా రాగూడదు."

"తెల్లగా వస్తుంది సార్" అన్నాను.

డిజైన్ చేసి పంపించాను. మెడ దగ్గర ముడతలు కొంచెం తగ్గించమని జవాబు వచ్చింది. తగ్గించాను. అచ్చు వేశాను. ఓనరు మనుషులే వచ్చి చుట్ట తీసుకుపోయి కాంప్లెక్సు ముందు, పై హాలు కిటికీల కింద కట్టారు. పైన కనుబొమలు సగమే ఉన్న మొహం. కింద చేతులు జోడించి తెల్లగా ఓనరు. మధ్యలో ఎర్రటి అక్షరాలు, వీధి మొగదలకు కూడా కనపడేటట్టు.

ఇంకో వాకిలి యాడుండాది?

ఓనరు ఆ ప్రశ్నకు జవాబు లేక దండం పెడుతున్నట్టు ఉంది. నిజానికి నేను కావాలని అట్లా పెట్టలేదు. ఎక్కడ పెట్టినా అట్లాగే ఉంది.

టీ వేళకు పైన పనిచేసే ఆడవాళ్లు దిగారు. చదివారు. ఒకామె నా దగ్గరకు వచ్చి, "అక్కా, ఇదేం మాట, ఎవురన్నారు" అని అడిగింది. చెప్పాను. ఆయన్ని గురించి, ఆ బంగారుపాళ్యం పిల్లను గురించి చెప్పాను. వాళ్లెవరికీ తెలియదు. తాము కూర్చుని పటాలు కట్టే చోట ఒక పిల్ల పోయిందని ఇన్నేళ్లలో ఒక్కరూ వాళ్లతో చెప్పలేదు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మాకూ ఉండాది కదా ఎనక వాకిలి" అందొకామె. "ఉండాది. పెట్టెలడ్డం. తాళం కూడా" అంది ఇంకొకామె.

మళ్లీ తాళం. కొత్త తలుపుకు కొత్త తాళం. నాకు తెలియకపోవడం ఏమిటి, నా వెనక సందే కదా అనుకుంటారేమో. ఇనుప మెట్ల మొదట్లో రేకుల గేటు పెట్టి మూసేశారు. అందులోంచి పైన ఏముందో కనపడదు.

ఆడవాళ్లు పైకి పోలేదు. ముందు మెట్ల మీద కూర్చున్నారు. సూపర్‌వైజర్ వచ్చి బతిమాలాడు, తర్వాత కసిరాడు. "తాళం తీస్తే వస్తాం" అన్నారు. జనం చేరారు, సెల్లులు లేచాయి. ఆయన బతికుంటే ఒకడి చెంప పగిలేది. కాసేపటికి ఓనరు కారులో దిగాడు. ఫ్లెక్సీ కేసి తలెత్తి చూసి నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"ఏమ్మా, ఏం రాసినావు ఇది?"

"జనం సదవల్ల అన్నారు కద సార్" అన్నాను. "సదివినారు."

ఆయన చుట్టూ సెల్లులు చూసి నవ్వు మొహం పెట్టాడు. తాళంచెవి తెప్పించాడు. తాళం తుప్పు పట్టి తిరగలేదు. వెల్డింగు షాపు నుంచి మనిషిని పిలిచి కోయించాల్సి వచ్చింది. రేకుల గేటు తీశారు, పెట్టెలు తీశారు. ఆడవాళ్లు లోపలి నుంచి ఒకరి వెనక ఒకరు ఆ ఇనుప మెట్ల మీద నుంచి సందులోకి దిగారు. పని ఏమీ లేదు, దిగి చూడాలని దిగారు. నా వెనక వాకిట్లో నిలబడి చూశాను. నా మెట్టు పక్కనే నడుచుకుంటూ పోయి, చుట్టు తిరిగి, మళ్లీ ముందు నుంచి పనికి పోయారు.

మర్నాడు పొద్దునకు ఫ్లెక్సీ లేదు. ఎవరు విప్పారో నేను అడగలేదు. కానీ రోజూ దుకాణం కట్టేసే ముందు నా వెనక తలుపు తీసి, ఆ మెట్లెక్కి, ఆ తలుపు తట్టి వస్తున్నాను. ఇప్పటిదాకా తెరుస్తున్నారు. ఎన్నాళ్లు తెరుస్తారో నాకు నమ్మకం లేదు.

ఆయన కర్మంతరం రోజు వదినకు ఇదంతా చెప్పాను. ఆమె దీపంలో నూనె పోస్తూ వినింది.

"తాళం కోసేసినారా?"

"కోసేసినారు వదినా. ఆడోళ్లంతా ఆ మెట్ల మీద దిగినారు."

ఆమె పటం వైపు చూసింది. "అయితే ఇప్పటికి కొండెక్కింది" అంది. పక్కన కూర్చున్న కూతురు ఉలిక్కిపడి తల్లి మొహం చూసింది.

ఆమెకు కొండెక్కిందేమో. నాకు మాత్రం ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది.